పుస్తకం చూసి పులి–కొంగ ఫారం నేర్చుకోవచ్చా?

కొత్తపులి (నర్సీపట్నం), శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నా వయసు 31. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా కరాటే చేశాను, బ్రౌన్ బెల్టు దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడదామంటే మా ఊళ్ళో ఉన్నవన్నీ కరాటే క్లాసులే, అందరూ పదేళ్ళలోపు పిల్లలు. నాకేమో చిన్నప్పటి నుంచి కుంగ్‌ఫు మీదే మనసు.

పోయిన నెల లామ్ సాయ్ వింగ్ పులి–కొంగ పుస్తకం ఇంగ్లీషు అనువాదం తెప్పించుకున్నాను. దక్షిణ చైనా కుంగ్‌ఫు శైలి హుంగ్ గార్ వాళ్ళ ‘ఫు హోక్ సూంగ్ యింగ్’ ఫారం అన్నమాట. ఫారం అంటే ఒక వరసలో చేసే కదలికల కూర్పు. పేజీకో బొమ్మ, దాని కింద ఒక పేరా. రోజుకి రెండు బొమ్మలు లెక్కేసుకుంటే రెండు నెలల్లో ఫారం మొత్తం వచ్చేయాలి. ఇప్పటికి ఇరవై బొమ్మలు అయ్యాయి.

రెండు సందేహాలు. అసలు ఇలా పుస్తకం చూసి నేర్చుకోవచ్చా? ఎవరైనా నేర్చుకున్నారా? రెండోది, ప్రతి పేరాలోనూ వంతెన, వంతెన అంటున్నాడు. ‘ఎడమ వంతెన ముందుకు నెట్టు’ అంటే నేనేం నెట్టాలి?

పొద్దున్నే హాల్లో పులి పంజాలు పడుతుంటే మా నాయనమ్మ చూసి, ‘దసరా ఇంకా చాలా రోజులుంది కదరా, ఇప్పట్నుంచే పులివేషం ఏంటి’ అంది. అందుకే తలుపేసుకుని చేస్తున్నాను.


చూరుకింద_చిలక, శనివారం రాత్రి 10:40

పాత జానపద సినిమాల్లో హీరో గుహలో జారిపడితే తాళపత్రాలు దొరుకుతాయి, ఒక్క పాట అయ్యేసరికి సకల విద్యలూ వచ్చేస్తాయి. చైనా వాళ్ళ కత్తియుద్ధం నవలల్లోనూ ఇదే కథ. మీ ఊరి దగ్గర కొండలకి కొదవలేదుగా, ముందు గుహ చూసుకోండి.

సరదాకి అన్నాను, కోప్పడకండి. ఏకలవ్యుడికి బొమ్మ చాలింది కదా, మీకు చాలదా!


మోకాలు_బాబ్జీ (హైదరాబాద్), ఆదివారం ఉదయం 6:55

ఏకలవ్యుడికి బొటనవేలు పోయింది, నాకు మోకాలు పోయింది. నా ఐడీ చూశారుగా.

అప్పట్లో అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కుప్పలు పోసేవారు. అక్కడ పదిహేను రూపాయలకి ఒక కుంగ్‌ఫు పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి ముప్ఫై పేజీలు లేవు. ఆ పోయిన పేజీల్లోనే ఎలా నిలబడాలో రాసుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నేను నేరుగా 31వ పేజీ నుంచి మొదలుపెట్టాను. ఫోటోలో ఆయన తొడలు నేలకి సమానంగా ఉన్నాయి కాబట్టి నేనూ మొదటి రోజే అంత కిందికి దిగాను. పాదాలు బయటికి తిరిగి ఉండేవి, మోకాళ్ళు లోపలికి వాలేవి. చూసి చెప్పేవాడు లేడు. నొప్పి వస్తే ‘ఇదే సాధన’ అనుకుని పళ్ళు బిగించాను. ఎనిమిది నెలలు అలా చేశాక మెట్లు దిగడం కష్టమైంది. డాక్టరు మోకాలిచిప్ప వెనకాల గుజ్జు అరిగిందన్నాడు. ఇప్పటికీ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేను, పెళ్ళి భోజనాల్లో కుర్చీ వెతుక్కుంటాను.

పుస్తకం తప్పని అనను. పుస్తకానికి కళ్ళుండవు, అంతే.


రింగ్‌సైడ్_రవి (విశాఖ), ఆదివారం ఉదయం 9:20

నా మాట కొంచెం కటువుగా ఉంటుంది బ్రో. పుస్తకం చూసి నేర్చినా, మాస్టారు దగ్గర నేర్చినా ఫారం వల్ల ఒరిగేదేమీ లేదు. గాలిలో పంజాలు విసిరితే ఎదుటివాడు తిరిగి కొట్టడు కదా. నర్సీపట్నం నుంచి వైజాగ్ ఎంత దూరం, శని ఆదివారాలు వచ్చి బాక్సింగ్ నేర్చుకో. మూడు నెలల్లో తేడా నీకే తెలుస్తుంది.


కౌలూన్_కుర్రాడు (హాంకాంగ్), ఆదివారం మధ్యాహ్నం 1:05

ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయింది, అందులో ఆరేళ్ళుగా హుంగ్ గార్ చేస్తున్నాను. నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ వీధికొకరు ఉంటారు కానీ వాళ్ళెవరూ తెలుగు గ్రూపులో రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు మీ వంతెన సంగతి. ఇక్కడి భాషలో ‘కియు’. మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండే ముంజేయే వంతెన. మీ చేయీ ఎదుటివాడి చేయీ తగిలాయంటే ఇద్దరి మధ్యా వంతెన పడినట్టు. అక్కడి నుంచి నెట్టడం, నొక్కడం, లాగడం, తప్పించడం అన్నీ దాని మీదే. అందుకే దక్షిణ చైనా కుంగ్‌ఫులో ముంజేతులకి ఇంత పని. మా శిక్షణ హాల్లో అడుగుపెట్టగానే చేయించేది ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మూడు కోణాల్లో ముంజేతులు కొట్టుకోవడం. ‘సామ్ సింగ్’ అంటారు, మూడు నక్షత్రాలని అర్థం. మొదటి నెల నా చేతులు వంకాయ రంగులో ఉండేవి. ఆఫీసులో ఫుల్ హ్యాండ్స్ చొక్కాలే వేసుకునేవాణ్ణి. ఇది పుస్తకంలో లేదు, ఉన్నా మీరొక్కరూ చేయలేరు.

ఇప్పుడు ఆ పుస్తకం గురించి. లామ్ సాయ్ వింగ్, పేరుమోసిన హుంగ్ గార్ గురువు వాంగ్ ఫెయ్ హుంగ్‌కి శిష్యుడు. వృత్తి పంది మాంసం కొట్టడం. ఇక్కడ ముసలాళ్ళు ఇప్పటికీ ఆయన్ని ‘పందిమాంసం వింగ్’ అనే పిలుస్తారు, అందులో వెటకారం లేదు. ఆయన శిష్యుడు జూ యూ జాయ్ చదువుకున్నవాడు, పుస్తకాల రాత పని అతనిది. వాంగ్ ఫెయ్ హుంగ్ మీద కథలు రాసిందీ అతనే. 1949 నుంచి క్వాన్ తాక్ హింగ్ హీరోగా వరసపెట్టి వచ్చిన సినిమాలకి ఆ కథలే మూలం. ఇక వాంగ్ ఫెయ్ హుంగ్ వైద్యశాల పో చీ లామ్ 1924లో గ్వాంగ్‌జౌలో జరిగిన అల్లర్లలో తగలబడిపోయింది. ఊళ్ళు తిరగబడి, మనుషులు చెల్లాచెదురైపోతున్న రోజులవి. అలాంటప్పుడు ఉన్నది కాగితం మీదికి ఎక్కించాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కానీ ఎవరికోసం ఎక్కించారన్నది చూడాలి. చైనీసు మూలంలో వాక్యాలు పొడి పొడిగా ఉంటాయి. ‘ముందు భంగిమ నుంచి, ఎడమకి తిరిగి, పంజా’ అన్నట్టు. ముందు భంగిమ నుంచి ఈ భంగిమకి ఎలా వచ్చామన్నది చదివేవాడికి ముందే తెలుసని రచయిత అనుకున్నాడు. మా సిఫు, అంటే గురువుగారి దగ్గర చైనీసు ప్రతి ఉంది. ఆరేళ్ళలో ఆయన దాన్ని తెరవడం ఒక్కసారే చూశాను, ఒక కదలిక పేరు నాలుక చివర ఆగిపోతే చూసుకోవడానికి. పేరు చూసి మూసేశారు.

ఇంకొకటి, మీరు మొదలుపెట్టిన చోటే తేడా ఉంది. పులి–కొంగ మొదటి ఫారం కాదు. మా దగ్గర మొదట ‘గుంగ్ జీ ఫుక్ ఫు’, అంటే పులిని లొంగదీయడం. నేలమీద అడుగుల దారి గీస్తే చైనీసు అక్షరం ‘గుంగ్’ లాగా వస్తుంది, పైనొక అడ్డగీత, కిందొక అడ్డగీత, మధ్యలో నిలువు. దాంతోనే కాళ్ళు తయారవుతాయి. నాకు ఏడాదిన్నర పట్టింది. తర్వాత పులి–కొంగ, ఆపైన ఐదు జంతువులది, చివర్లో ఇనుపతీగ. మీరు నాలుగేళ్ళ బడిలో రెండో తరగతి పుస్తకం కొనుక్కుని, మొదటి తరగతి చదవకుండానే వచ్చి కూర్చున్నారు.


వీణ_వసంత (రాజమండ్రి), ఆదివారం సాయంత్రం 5:30

నాకు కుంగ్‌ఫు గురించి ఓనమాలు తెలియవు, మా అబ్బాయి చూపిస్తే ఈ చర్చ చదివాను. కౌలూన్ గారి చివరి మాటలు చదువుతుంటే మా సంగీతం గోలే గుర్తొచ్చింది.

తోడి రాగం స్వరాలు పుస్తకంలో చూస్తే గాంధారం దగ్గర ‘గ’ అని ఒక్క అక్షరం ఉంటుంది. ఆ ‘గ’ని కదలకుండా నిలబెట్టి వాయిస్తే స్వరం తప్పు కాదు, కానీ అది తోడి కాదు. ఊపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గురువుగారి వేళ్ళు చూడాలి, చెవితో వినాలి. 1904లో సుబ్బరామ దీక్షితులు గారు ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకి కూడా గుర్తులు పెట్టారు. అంత శ్రమపడ్డారు మహానుభావుడు. అయినా ఆ గుర్తులు చూసి వాయించమంటే, అంతకుముందు ఆ రాగం వినని పిల్లలు బిక్కమొహం వేస్తారు. విన్నవాళ్ళకి మాత్రం అది బంగారం.

మీ పుస్తకమూ అలాంటిదే అనుకుంటాను. పారేయకండి బాబూ, దాచుకోండి.


కొత్తపులి, ఆదివారం రాత్రి 9:48

అందరికీ థాంక్స్. బాబ్జీ గారు, మీ పోస్టు చదివాక అద్దం ముందు నిలబడి మోకాళ్ళు చూసుకున్నాను. లోపలికే వాలుతున్నాయి. కొంచెం టెన్షన్ వచ్చింది.

వసంత గారు, మీరు చెప్పింది అర్థమైంది. రవి బ్రో, నాకు కొట్లాటలు అక్కర్లేదు, అది నిజంగా నా ఉద్దేశం కాదు. మూడేళ్ళు షాపు కౌంటర్ వెనకాల కూర్చుని వెన్ను వంగిపోయింది. ఏదో ఒకటి పద్ధతిగా చేయాలనిపించింది. ఆ పేర్లు చదివితేనే ఒళ్ళు పులకరిస్తుంది. ‘ఆకలిగొన్న పులి గొర్రెను పట్టడం’, ‘ఆకలిగొన్న కొంగ రొయ్యలు వెతకడం’. బాక్సింగ్‌లో గుద్దులకి జాబ్, క్రాస్ అని పేర్లు పెడితే అంత కిక్కు రాదు కదా.

కౌలూన్ అన్నా, చేసిన ఇరవై బొమ్మలూ ఫోన్‌లో వీడియో తీసి పెడుతున్నాను. నిర్మొహమాటంగా చెప్పండి.


గోదారిగట్టు (భీమవరం దగ్గర), ఆదివారం రాత్రి 10:30

కొంగ, రొయ్యలు అనగానే నేను ఆగలేను. మాది పన్నెండెకరాల రొయ్యల చెరువు. కొంగలు మాకు శత్రువులు, చెరువు మీద దారాలు కట్టి, టపాసులు కాల్చి తోలుతుంటాం. రోజూ పొద్దున గట్టుమీద చూస్తాను కాబట్టి వాటి పద్ధతి నాకు బాగా తెలుసు.

అది ఊరికే నిలబడదు. ఒంటికాలు మీద జపం చేస్తున్నట్టు కనిపిస్తుంది, నిజానికి చిన్న తెల్లకొంగ అయితే ఒక కాలితో బురద మెల్లగా కదుపుతుంది. కింద ఉన్నది బెదిరి కదిలిందా, మెడ అప్పటికే వెనక్కి మడిచి ఉంటుంది, బాణంలా వెళ్ళిపోతుంది. ముక్కు వెళ్ళిన దారి మనకి కనబడదు, రొయ్య నోట్లో ఉన్నాక కనబడుతుంది. పొడిచేటప్పుడు ఒళ్ళు కదలదు, మెడ ఒక్కటే.

వీడియో చూశాను తమ్ముడూ. నువ్వు వంటింట్లో పోపు గరిటె తిప్పినట్టు చేయి తిప్పావు. అలాంటి కొంగకి మా చెరువులో ఒక్క రొయ్య కూడా దొరకదు. అలాంటివే వస్తే నాకు టపాసుల ఖర్చు మిగిలేది.


కౌలూన్_కుర్రాడు, సోమవారం రాత్రి 11:15

గోదారిగట్టు గారి పోస్టు ఇంగ్లీషు చేసి మా సిఫుకి చదివి వినిపించాను. చాలాసేపు నవ్వారు. ఆ కదలికలో తొందరపడ్డవాళ్ళని ఆయన తిట్టేది సరిగ్గా ఇదే, చేయి వెళ్ళాల్సిందే కానీ ఒళ్ళు దాని వెనకాల పరిగెత్తకూడదని.

ఇక కొత్తపులి వీడియో. నాలుగుసార్లు చూశాను.

మీరు హాలు మధ్యలో సోఫా ముందు మొదలుపెట్టి వంటింటి గుమ్మం దగ్గర ఆగారు. అక్కడే తెలిసిపోయింది. ఇరవై బొమ్మలయ్యేసరికి మీరు మొదటి చోటికి ఇంచుమించు దగ్గర్లో ఉండాలి, కానీ మూడు మీటర్ల అవతల ఉన్నారు. ఎందుకో చూస్తే, బొమ్మలో మనిషి మనకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. అతని ఎడమ చేయి మనకి కుడివైపు కనబడుతుంది. మొదటి ఎనిమిది బొమ్మలు మీరు అద్దంలో చూసినట్టు చేశారు, కుడివైపు కనబడేది కుడి అనుకుని. తొమ్మిదో బొమ్మ దగ్గర పేరాలో ‘ఎడమ’ అని రాసుంటే అది చదివి సరిచేసుకున్నారు. అక్కడి నుంచి ఒకలా, అంతకుముందు ఇంకోలా. మధ్యలో అతుకు కుదరలేదు, ఒక అరచుట్టు తిరగాల్సిన చోట పావుచుట్టే తిరిగారు. అదీ మిమ్మల్ని వంటింటికి చేర్చింది. దీనికి మిమ్మల్ని తప్పుపట్టను. బొమ్మ కాగితం మీద ఒకవైపే ఉంటుంది, మనిషి చుట్టూ తిరిగి చూడలేం.

పులి పంజా. మీ వేళ్ళు పిల్లల బొమ్మల పులిలా అన్నీ బిగుసుకుని ఉన్నాయి, మణికట్టు పైకి విరిగింది. ముందు తగలాల్సింది అరచేతి కింది భాగం. వేళ్ళ పని ఆ తర్వాత, పట్టి లాగడానికి. తగలకముందే వేళ్ళు బిగిస్తే భుజం పైకి లేస్తుంది, మీది చెవిని ముట్టుకుంటోంది. ఇక్కడ ఒక మాట ఉంది. ఐదు జంతువుల్లో డ్రాగన్ మనసుని, పాము ఊపిరిని, పులి ఎముకని, చిరుత బలాన్ని, కొంగ సారాన్ని సాధన చేయిస్తాయని. పులి అంటే కోపంగా మొహం పెట్టడం కాదు, ఎముకలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం. మీ నాయనమ్మ గారికి పులివేషం కనిపించిందంటే ఆవిడ చూపు కరెక్టే.

ఊపిరి బిగబట్టారు. ఫారం మొత్తంలో ఒకే ఒక్కసారి గాలి వదిలారు, అది కూడా కుక్కర్ విజిల్ వచ్చినప్పుడు.

మంచివి కూడా ఉన్నాయి. చూపు నిలిచింది. కరాటే వల్ల అనుకుంటాను, తుంటి నుంచి తిరుగుతున్నారు, అది నాకు మొదటి ఏడాది రాలేదు.


రింగ్‌సైడ్_రవి, మంగళవారం ఉదయం 8:10

వీడియో చూసి ఇన్ని తప్పులు చెప్పగలిగావంటే నువ్వు నిజంగా నేర్చుకున్నావని ఒప్పుకుంటున్నాను కౌలూన్ భాయ్. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. 2017లో చెంగ్డూలో ఏం జరిగిందో అందరూ చూశారు. శూ శియావ్‌డాంగ్ అనే ఎమ్మెమ్మే (అన్ని రకాల పోరాటాలూ కలిపిన ఆట) ఫైటర్ తాయ్ చీ మాస్టర్‌తో తలపడితే అర నిమిషం కూడా పట్టలేదు. ఏళ్ళకేళ్ళు ఫారాలు చేసి చివరికి అదేనా?


కౌలూన్_కుర్రాడు, మంగళవారం రాత్రి 10:02

రవి గారు, ఆ వీడియో మీద నాకు వాదన లేదు. స్పారింగ్, అంటే ఎదుటివాడితో నిజంగా తలపడే సాధన చేయనివాడు, చేసేవాడి ముందు నిలబడితే అదే అవుతుంది, ఏ పేరు పెట్టుకున్నా సరే. మా హాల్లో కూడా ఫారాలు బాగా వచ్చి, గ్లవ్స్ వేసుకుంటే కళ్ళు మూసుకునేవాళ్ళు ఉన్నారు. మొదట్లో నేనూ అంతే.

ఇది కొత్త గొడవ కూడా కాదు. పదహారో శతాబ్దంలో చీ జిగువాంగ్ అనే సేనాని ఉండేవాడు, తీరం మీద సముద్రపు దొంగలతో పోరాడినవాడు. సైనికుల శిక్షణ మీద పుస్తకం రాస్తూ అందులో ఉత్త చేతుల పోరాటానికి 32 భంగిమలు బొమ్మలతో ఇచ్చాడు, ఒక్కో బొమ్మకీ చిన్న పద్యం. పెద్ద యుద్ధంలో దీని ఉపయోగం పెద్దగా ఉండదని ఆ రాసినవాడే చెప్పాడు. కాళ్ళూ చేతులూ ఆడటం అలవాటు కావడానికి, కొత్తవాడు ఈటె పట్టుకోబోయే ముందు చేయడానికి పెట్టాడు. నాలుగున్నర శతాబ్దాల కిందటే ఇంత నిజాయితీగా చెప్పేశాడు.

ఆ పుస్తకం మన చర్చకి ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. ఆ 32 బొమ్మలూ ఇప్పటికీ ఉన్నాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి ఎలా కలుస్తాయో చూపించే గురువులు లేరు. ఇప్పుడెవరైనా ఆడి చూపిస్తే అది వాళ్ళ ఊహ. పులి–కొంగ బతికి ఉందంటే ఆ పుస్తకం వల్లే కాదు. లామ్ సాయ్ వింగ్ దగ్గర నేర్చినవాళ్ళు, ఆయనకి కొడుకు వరసైన లామ్ చో, ఇంకా సినిమాలు తీసిన లావ్ కార్ లియుంగ్ తండ్రి లావ్ చామ్, వీళ్ళంతా మనుషులకి నేర్పారు. మనుషులున్నారు కాబట్టి పుస్తకానికి అర్థం మిగిలింది.


ఉదయపు_నడక (రిటైర్డ్ టీచరు, గుంటూరు), బుధవారం ఉదయం 5:50

నేను ఈ చర్చకి కాస్త ఎదురు మాట చెప్తాను. పుస్తకం చూసి జంతువుల విద్య నేను నేర్చుకున్నాను. అయితే అది పోరాటానిది కాదు, ఆరోగ్యానిది. ‘వూ చిన్ షీ’, ఐదు జంతువుల ఆట. పులి, లేడి, ఎలుగు, కోతి, పక్షి. మూడో శతాబ్దం మొదట్లో, 208 ప్రాంతంలో చనిపోయిన హువా తువో అనే వైద్యుడు దీన్ని పెట్టాడని చెప్తారు. ఇప్పుడు అందరూ చేసే పద్ధతిని చైనా ప్రభుత్వ సంస్థ 2003లో ఒక దారికి తెచ్చి, పుస్తకాలు, డిస్కులు వేసింది. జంతువుకి రెండు కదలికలు, మొత్తం పది. అసలు ఉద్దేశమే గురువు దొరకని సామాన్యులు ఇంట్లో నేర్చుకోవాలని కాబట్టి కుడి ఎడమ, ఊపిరి తీయడం వదలడం, ఎక్కడ తప్పు చేస్తామో అన్నీ రాశారు.

మా అమ్మాయి సింగపూర్ నుంచి తెచ్చింది. నాలుగేళ్ళుగా మేడమీద చేస్తున్నాను. ఎలుగు నడక చేస్తుంటే ఎదురింటి పిల్లలు గోడెక్కి చూస్తారు. నడుము పట్టేయడం బాగా తగ్గింది. పుస్తకాలన్నీ ఒకటి కావు, ఎవరికోసం రాశారో చూసుకుని కొనాలి. ఈ అబ్బాయికి వెన్నునొప్పే సమస్య అయితే ముందు దీంతో మొదలుపెట్టవచ్చు.


చూరుకింద_చిలక, బుధవారం ఉదయం 9:00

ఎలుగు నడక వీడియో కావాలి మాస్టారూ. పిల్లలు గోడెక్కారంటే మాకు స్క్రీన్ ఎక్కే హక్కు లేదా?


మోకాలు_బాబ్జీ, బుధవారం మధ్యాహ్నం 2:15

కొత్తపులీ, ఒక్కటే అడుగుతున్నాను. హార్స్ స్టాన్స్‌లో, అదే గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి దిగేటప్పుడు, ఎంత వెడల్పుకి నిలబడుతున్నావు, ఎలా కొలుస్తున్నావు?


కౌలూన్_కుర్రాడు, బుధవారం రాత్రి 9:30

బాబ్జీ గారు సరైన చోట పట్టుకున్నారు. ఇది చెప్పాల్సింది నేనే, మర్చిపోయాను.

పాదాలు కలిపి నిలబడండి. మడమల మీద తిరిగి వేళ్ళు బయటికి. వేళ్ళ మీద తిరిగి మడమలు బయటికి. మళ్ళీ వేళ్ళు, మళ్ళీ మడమలు. పాదాలు రెండూ సమాంతరంగా వచ్చిన చోట ఆపండి. మీ కాళ్ళ పొడవుకి తగ్గ వెడల్పు అదే వస్తుంది, బొమ్మలో ఆయన వెడల్పు మీకెందుకు. ఇప్పుడు కూర్చోండి. మోకాలు పాదం బొటనవేలు వైపు కాకుండా రెండో వేలు వైపు చూడాలి. తొడలు నేలకి సమానం కావాలన్న పట్టు మొదటి మూడు నెలలు వదిలేయండి. నడుము వెనక్కి పొడుచుకు రానంత వరకే దిగండి. నిమిషం ఉండండి, లేవండి, నడవండి. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే ఆపేయాలి, తొడ మండితే ఆపక్కర్లేదు. ఈ తేడా బాబ్జీ గారికి ఎవరూ చెప్పలేదు.

నేను సిఫుని అడిగాను, ఊళ్ళో ఉన్న ఒకతనికి వీడియో కాల్‌లో చూపించవచ్చా అని. పులి–కొంగ వద్దన్నారు. హార్స్ స్టాన్స్, గుంగ్ జీ మొదటి ముక్క, అంతవరకు చూపించమన్నారు. ఆదివారం మీకు ఉదయం ఏడు, మాకు తొమ్మిదిన్నర. కుదిరితే చెప్పండి. డబ్బులు వద్దు, మీ నాయనమ్మ గారిని అడిగి ఒక మంచి ఆవకాయ కొలత పంపండి. మా ఆవిడ పెట్టింది ప్రతి ఏడూ బూజు పడుతోంది.


మోడరేటర్, గురువారం ఉదయం 10:00

ఆవకాయ చర్చ వంటల విభాగంలో పెట్టండి. దెబ్బలకి రాసుకునే చైనా తైలం గురించి ముగ్గురు నాకు మెసేజ్ చేశారు. ఇంట్లో కాచిన మందుల వివరాలు ఇక్కడ రాయకండి, కొన్నిట్లో విషపు దినుసులు ఉంటాయి. ఫారం గురించి కొనసాగించవచ్చు.


కొత్తపులి, మూడున్నర నెలల తర్వాత, ఆదివారం ఉదయం 8:40

చాలా రోజులైంది, అప్‌డేట్ ఇవ్వలేదని ఇద్దరు ముగ్గురు అడిగారు.

పదమూడు ఆదివారాలు అయ్యాయి. రెండు ఎగ్గొట్టాను, ఒకటి మా చెల్లి నిశ్చితార్థం, ఒకటి కరెంటు పోయింది. మొదటి నెలంతా నిలబడటమే. నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. అన్న ఒకే మాట అంటాడు, ‘మోకాలు’. కాల్ అయ్యేసరికి ఆ మాట యాభైసార్లు వినేవాణ్ణి. ఇప్పుడు మూడు నిమిషాలు నిలబడతాను, మోకాలు లోపలికి రావట్లేదు. గుంగ్ జీ మొదటి అడ్డగీత వచ్చింది, నిలువు గీత సగం వచ్చింది. మాస్టారు గారు చెప్పిన పక్షి ఆట కూడా పొద్దున చేస్తున్నాను. వెన్నుకి దానివల్ల తేడా ఉంది.

ఒక సంగతి చెప్పాలి. పోయిన వారం రాత్రి నిద్రపట్టక పులి–కొంగ పుస్తకం మళ్ళీ తీశాను. ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది, వంతెనని ముందుకు తోస్తూ మోచేయి ముంచు అని. అప్పట్లో అది పది సార్లు చదివి, అనువాదంలో అచ్చుతప్పు అనుకుని పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. మోచేయి ముంచడం ఏంటి, నీళ్ళేమైనా ఉన్నాయా అని. ఇప్పుడు చదవగానే మోచేయి దానంతట అదే కిందికి దిగింది, మంచం మీద కూర్చునే. గుంగ్ జీ ఓపెనింగ్‌లో అన్న రెండు నెలలుగా చేయించేది అదే. ప్రశ్నార్థకం చెరిపేశాను.

వసంత గారు, మీరు దాచుకోమన్నారు, దాచుకున్నాను.

నాయనమ్మ ఇప్పుడు తలుపు తీసి ఉంచమంటోంది. కుర్చీ వేసుకుని కూర్చుని, నేను ఎంతసేపు నిలబడ్డానో గోడ గడియారం చూసి చెప్తుంది. కొలత పంపాను అన్నా, ఉప్పు విషయంలో ఆవిడ మాటే ఫైనల్.

ఇవాళ గుంగ్ జీ వచ్చినంతవరకు వీడియో తీశాను. వంటింటి గుమ్మం దగ్గర కాదు, ఈసారి సోఫా ముందే ఆగాను. కానీ ఇంకా ఒక అడుగు ఎడమకి ఉన్నాను. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ అంతే. ఆ ఒక్క అడుగు ఎక్కడ పోతోంది?


కౌలూన్_కుర్రాడు, ఆదివారం మధ్యాహ్నం 12:20

రెండో మలుపులో. ఎడమ మడమ తిరగకుండానే కుడి కాలు వేసేస్తున్నావు. మడమ తిప్పి, ఆగి, అప్పుడు కాలు వేయి. నేల మీద సుద్దముక్కతో గీత గీసుకుని ఈ వారం అదొక్కటే చెయ్, వచ్చే ఆదివారం చూద్దాం.

నాయనమ్మ గారికి చెప్పు, ఆవకాయ ఇప్పటిదాకా బూజు పట్టలేదు.